ఛాతీ కడిగే బీరు

మీ ఇంట్లో ఒక మనిషి రోజూ రాతిదుమ్ము పీలుస్తున్నాడు అనుకోండి. అతని ఛాతీని మీరు దేనితో కడుగుతారు? బెల్లంతోనా, అరటిపండుతోనా, బీరుతోనా? నవ్వకండి. జవాబు తనకు తెలుసని గట్టిగా చెప్పినవాళ్ల మధ్య మూడు రోజులు గడిపి వచ్చాను. వాళ్లు మూర్ఖులు కారు. అందులో ఒకాయన ఉద్యోగ జీవితమంతా పిల్లలకు సైన్సు చెప్పినవాడు. అందుకే ఇది రాయాల్సి వచ్చింది.

నంద్యాల: మేడ మీద సభ

నల్లమల దాటి వచ్చిన రైలు దిగేసరికి నంద్యాలలో ఎండ చురుక్కుమంటోంది. నన్ను పిలిచింది దేవదానం మాస్టారు, రిటైరైన సైన్సు టీచరు. ఆదివారం పొద్దున చర్చికి వెళ్తారు, అది కాగానే నాలాంటి నాస్తికుణ్ణి పిలిచి మాట్లాడిస్తారు. ఈ రెండింటికీ మధ్య ఆయనకు ఏ తగవూ లేదు. స్టేషను బయట బండి దగ్గర ఉగ్గాని పెట్టించారు. నానబెట్టిన బొరుగుల్లో ఉల్లిపాయ, పచ్చిమిరప, పుట్నాల పొడి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. ప్లేటు నలభై రూపాయలు. మాది తెనాలి. కారానికి పేరుమోసిన జిల్లా నుంచి వచ్చినవాణ్ణే అయినా, మేం పొద్దున్నే ఇడ్లీతో మర్యాదగా మొదలుపెడతాం. ఇక్కడివాళ్లు పళ్లు తోముకోగానే మిరపకాయతో పోట్లాటకు దిగుతారు. నా కళ్లలో నీళ్లు చూసి బండివాడు సంతోషంగా ఇంకో బజ్జీ వేశాడు.

వాస్తు మీద నా ఉపన్యాసానికి ఓ పాతికమంది వచ్చారు. ఇద్దరు నిద్రపోయారు, ఒకరు ఈశాన్యం మూల గురించి నాతో గొడవపడ్డారు. చప్పట్లయ్యాక మాస్టారు నా చెయ్యి పట్టుకుని, "ఇంక అసలు సభకు పోదాం పాండి సార్" అన్నారు.

అసలు సభ సుంకిరెడ్డి ఇంటి మేడ మీద. ఆయన విత్తనాల వ్యాపారి. గింజ ఏ ఎండకు చస్తుందో, ఏ తేమకు మొలుస్తుందో ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆ విద్యనే ఆయన బీరు మీద పెట్టాడు. బార్లీ, పచ్చజొన్న నానబెట్టి, గోనెపట్టా మీద పరిచి, మొలక రాగానే ఎండబెట్టి, కొంచెం వేయించి, ఉడికించి ఆ తియ్యటి నీళ్లు తీస్తాడు. చేదు కోసం హాప్స్ అనే ఎండుపూలు బెంగుళూరు నుంచి తెప్పిస్తాడు. ఈస్టు కలిపి, బానకు తడిగోనె చుట్టి చల్లటి గదిలో పెడతాడు. ఇలా పైకి పొంగే ఈస్టుతో చేసే ఈ రకాన్ని 'ఏల్' అంటారని, కంపెనీ సీసాల్లో దొరికే బీరుకూ దీనికీ పాలకోవాకూ చాక్లెట్‌కూ ఉన్నంత తేడా ఉందని నాకు పాఠం చెప్పాడు.

"చట్టం ఒప్పుకుంటుందా?" అని అడిగాను.

"ఒప్పుకోదు. అందుకే అమ్మను, ఊరికే తాగిస్తా. తాగినోడు పోయి చెప్తాడా?" అన్నాడు.

నేను తాగుడు వ్యతిరేకినే గానీ గ్లాసు చూసి చెవులు మూసుకునే రకాన్ని కాను. జొన్నరొట్టె, ఇక్కడ బుడ్డలనే వేరుశెనగల చట్నీ, వేయించిన మేకమాంసం మధ్యన గ్లాసులు నిండాయి. తగవు వెంటనే రాజుకుంది.

"ఏందప్పా ఇది, బియ్యం కడిగిన నీళ్ల మాదిరి ఉండాదే!" మాస్టారు గ్లాసు ఎండకు పెట్టి చూశారు. "ఏల్ అంటే గ్లాసు ఎనక పేపర్ పెడితే అచ్చరాలు కనపడల్ల."

"పేపర్ చదవల్లంటే లైబ్రరీకి పో సార్. ఈడికి తాగనీకి వచ్చినావు," అన్నాడు సుంకిరెడ్డి. "మసక దోషమని ఎవురు చెప్పినారు? గోధుమ ఏల్ మసకగానే ఉంటాది. అది దాని జాతి."

"గోధుమ యాడుండాది దీంట్లో? పోసింది జొన్న. జొన్నకు గోధుమ జాతి ఎట్లొస్తాది?"

"జాతి సంగతి ఎత్తితే నేను లేచి వెళ్లిపోతాను," అన్నాను.

"కూసోన్నా, ఇది మనుషుల జాతి కాదులే," అని సుంకిరెడ్డి నా గ్లాసు నింపాడు.

లవంగం వాసన వస్తోందని మాస్టారు ఇంకో నేరం మోపారు. లవంగం వెయ్యలేదని, అది ఈస్టు చేసే పనని సుంకిరెడ్డి తల్లి మీద ఒట్టేశాడు. వాసన గొప్పతనమా, నంద్యాల ఎండకు ఈస్టు చెడిపోయిన గుర్తా అని వాదన చాలాసేపు నడిచింది. చివరికి ఏం చేశారో తెలుసా? తువ్వాలుతో మాస్టారి కళ్లు కట్టి, తేట ఏల్ ఒకటి, మసక ఏల్ ఒకటి చేతికిచ్చారు. ఏది బాగుందో చెప్పమన్నారు. మాస్టారు రెండూ చప్పరించి, మళ్లీ చప్పరించి, మసకదే బాగుందన్నారు. కట్టు విప్పి చూసి ముఖం మాడ్చుకున్నారు. సుంకిరెడ్డి మేడంతా ఈల వేస్తూ తిరిగాడు.

నాకు ఎంత ముచ్చటేసిందో! కంటిని మూసి నాలుకను అడగడం, ఓడినవాడు ఓటమి ఒప్పుకోవడం, ఇంతకంటే శాస్త్రీయమైన సభ నేను ఏ హాల్లోనూ చూడలేదు.

అప్పుడే సుంకిరెడ్డి మెడకు ఎర్రదారం కట్టిన నాలుగు సీసాలు పక్కన పెట్టాడు. బాన అడుగున మిగిలిన చిక్కటి మడ్డి వాటిలో ఉంది.

"ఇవి ఎవరికి?"

"ఆళ్లగడ్డలో ఓబులేసని, మా ఊరి గుడికి ఆంజనేయసామిని చెక్కుతాండాడు. రాతిదుమ్ము ఛాతీకెక్కి దగ్గుతాండాడు పాపం. ఈ మడ్డి తాగితే దుమ్మును పట్టుకొని కిందికి దించుతాది. చిల్లగింజ అరగదీసి కుండలో కలిపితే బురద దిగదా? ఇదీ అంతే."

నేను మాస్టారి వైపు చూశాను. ఇప్పుడే కళ్లకు గుడ్డ కట్టించుకుని పరీక్షకు నిలబడ్డ మనిషి. ఆయన రొట్టె ముక్క చట్నీలో అద్దుతూ, "ఈస్టు కదా సార్, దానికి పట్టే గుణం ఉండాది" అన్నారు.

"గొంతులోంచి దిగేది కడుపులోకి. ఛాతీలోకి దారి వేరు. ఇది మీరే కదా ఏడో తరగతికి చెప్పింది?"

"పుస్తకం వేరు సార్, అనుభవం వేరు" అన్నారు మాస్టారు, మళ్లీ గ్లాసు అందుకుంటూ.

రుచికి పరీక్ష పెట్టినవాళ్లు ప్రాణానికి పెట్టలేదు. నా నోట్లో ఏల్ చేదెక్కింది.

ఆళ్లగడ్డ: తెల్ల వీధి

మర్నాడు సుంకిరెడ్డి కారులో సీసాలతో పాటు నేనూ బయల్దేరాను. సిరివెళ్ల దాటాక రోడ్డుకు రెండు వైపులా నల్లరేగడి, పొడుగ్గా శెనగ చేలు. మా వైపు కాలవల పక్కన కొబ్బరిచెట్లు అడ్డం పడి ఆకాశం ముక్కలుగా కనిపిస్తుంది. ఇక్కడ ఆకాశం మొత్తంగా నెత్తిమీదే ఉంటుంది. దారిలో సుంకిరెడ్డి, ఊరి తరఫున తనే చేయిస్తున్న విగ్రహం గురించి చెప్పాడు. ప్రతిష్ఠకు ముహూర్తం పెట్టేశారు, ఊరంతా కార్డులు పంచేశారు. విగ్రహానికి ముఖం ఇంకా రాలేదు.

ఆళ్లగడ్డ శిల్పుల వీధిలో ముందు చెవి పోతుంది, తర్వాత కన్ను పోతుంది. ఉలి చప్పుడు వింటానని వెళ్లాను. వినిపించింది మెషిన్ల కూత. గిరగిర తిరిగే బిళ్ల రాయిని తాకగానే తెల్లటి పొగలా దుమ్ము లేస్తోంది. కొట్టాల మీద, కరెంటు తీగల మీద, టీకొట్టు బిస్కెట్ సీసాల మీద, కోడి వీపు మీద అదే తెలుపు. సగం తేలిన వినాయకులు, కాళ్లు లేని నందులు, పేరు రాని నాయకులు వరసగా నిలబడి ఉన్నారు. నా కళ్లద్దాలు మసకబారితే పంచెతో తుడిచాను. అద్దం మీద గీతలు పడ్డాయి. అద్దాన్ని గీకే దుమ్ము ఊపిరితిత్తిని ఏం చేస్తుంది?

ఓబులేసుకు నలభై ఉంటాయి. చూస్తే అరవై. ముక్కుకు తువ్వాలు చుట్టుకుని ఆంజనేయుడి భుజం దగ్గర పని చేస్తున్నాడు. మమ్మల్ని చూసి మెషిన్ ఆపాడు. లేచి నిలబడటానికి ఒకసారి, మాట్లాడటానికి ఇంకోసారి ఊపిరి కూడదీసుకున్నాడు.

"తెచ్చినావా రెడ్డెన్నా?"

"తేకుండా వస్తానా?"

ఎర్రదారం విప్పి, సీసా బాగా ఊపి, అడుగు మడ్డి కూడా పోకుండా తాగాడు. ఓ నిమిషం ఆగి దగ్గాడు. దగ్గి దగ్గి మోకాళ్ల మీద వంగిపోయాడు. తర్వాత నేల మీద ఉమ్మింది నాకు చూపించాడు. "సూడన్నా, తెల్లగా ఎట్లొచ్చిందో! దుమ్ము దిగుతాంది."

"ఉమ్మిలో వచ్చింది ఈ పొద్దు గొంతులో పడిన దుమ్ము. లోపలికి పోయింది రాదు," అన్నాను.

"నీకెట్ల తెలుసు? లోపలికి పోయి సూసినావా?"

అతని భార్య నాగలక్ష్మి టీ తెచ్చింది. నంద్యాలలో ఒక ఛాతీ డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించుకోమని ఎప్పుడో చెప్పిందని, ఇతను కదలడం లేదని ఆమె చెప్పింది. "ఈ సీసాలు ఉండాయని ధీమా అన్నా ఈయనకు," అంది సుంకిరెడ్డి వైపు చూడకుండా.

"ముక్కుకు సరైన మాస్కు లేదు. బిళ్ల మీద నీళ్లు పడే మెషిన్లు ఉన్నాయి కదా? దుమ్ము లేవదు కదా?" అని అడిగాను.

"నీళ్లు పడితే గీసుకున్న గీతలు పోతాయి, మళ్లీ మళ్లీ గీసుకోవల్ల," అన్నాడు ఓబులేసు. "పని సగానికి సగం నిదానం. మూర్తం ఆగుతాదా?"

రెండు గ్లాసులు

చర్చతో లాభం లేదనుకున్నాను. చిన్నప్పటి నుంచీ నేను నేర్చుకున్నది ఒకటే, మాట నమ్మనివాడికి కళ్ల ముందు చూపించు. నాగలక్ష్మిని రెండు టీగ్లాసుల్లో నీళ్లు అడిగాను. నేల మీది రాతిదుమ్ము ఒక్కోదాంట్లో ఒక చెంచా వేసి కలిపాను. ఒకదాంట్లో మాత్రం ఏల్ మడ్డి పోశాను. పక్క కొట్టాల్లో మెషిన్లు ఆపి జనం మూగారు. దుమ్ము రెండింట్లోనూ నీళ్లలోనే ఉండిపోతుంది, మడ్డి ఏమీ చెయ్యదు అని చూపించాలని నా ఆరాటం.

కాసేపటికి మడ్డి పోసిన గ్లాసు తేటపడసాగింది. ఈస్టు రాతిపొడిని చుట్టుకుని జిగటగా అడుగుకు దిగింది. రెండో గ్లాసు ఇంకా పాలలా తెల్లగానే ఉంది.

ఎవరో ఈల వేశారు. "ఓబులేసన్నా, నీ బీరే గెలిచింది!"

"సార్, నువ్వే నిరూపించితివి!" అన్నాడు సుంకిరెడ్డి. వెటకారం కాదు, నిజంగా నన్ను మెచ్చుకున్నాడు.

"గ్లాసులో దిగింది. దిగింది గానీ పోలేదు, అడుగునే ఉంది! గ్లాసు అయితే వంచి కడుగుతారు. ఛాతీని ఎలా వంచుతారు? అసలు తాగింది ఛాతీలోకి పోతే కదా!" అని అరుస్తూనే ఉన్నాను. వినేవాళ్లు లేరు. పక్క కొట్టం శిల్పి అప్పటికే, "రెడ్డెన్నా, వచ్చేవారం నాకూ ఒక సీసా" అని చెప్పుకుంటున్నాడు. ఒక మూఢనమ్మకాన్ని పగలగొట్టడానికి వెళ్లి, దానికి ప్రయోగశాల ముద్ర వేసి వచ్చాను. మిత్రులారా, తొందరపాటు హేతువాదం కూడా ఒక పూజారే. శఠగోపం పెట్టి పంపిస్తుంది.

నాగలక్ష్మి మాత్రం కారు దాకా వచ్చింది. "అన్నా, వాళ్లు నవ్వనీ. నువ్వు చెప్పేది నిజమేనా?"

"నిజం."

"అయితే ఎక్స్‌రేకు ఈయన్ను నువ్వే రప్పించల్ల. నా మాట ఇనడు."

వెనక్కి వెళ్లి ఓబులేసును రెచ్చగొట్టాను. అంత నమ్మకముంటే ఫొటో తీయించుకోవడానికి భయమెందుకని అడిగాను. శిల్పికి పౌరుషం తక్కువా?

"భయమా నాకు? రేప్పొద్దున వస్తా. నా ఛాతీ తేటగా ఉంటే, అందరి ముందర నువ్వు ఒక సీసా మడ్డి తాగల్ల. సరేనా?"

"ఒకటి కాదు, నాలుగూ తాగుతాను."

జీవితంలో నేను ఓడిపోవాలని కోరుకున్న పందెం అదొక్కటే.

మళ్లీ నంద్యాల: వెలుగు పెట్టె ముందు

మూడోరోజు వాళ్లు బస్సులో వచ్చారు. ఓబులేసు ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. ఆసుపత్రి మెట్లు ఎక్కుతూ మధ్యలో కూర్చుండిపోయాడు. పక్కనున్న ముసలాయన, "కూసోప్పా, తొందరేముంది" అని జరిగి చోటిచ్చాడు. సుంకిరెడ్డి, దేవదానం మాస్టారు కూడా వచ్చారు. పందెం చూడటానికే వచ్చారు. సుంకిరెడ్డి చేతిసంచిలో ఎర్రదారం సీసా ఉంది.

డాక్టరమ్మ ఫిల్మును వెలుగు పెట్టెకు తగిలించింది. నల్లగా ఉండాల్సిన చోట రెండు వైపులా తెల్ల చుక్కలు, పైన చుక్కలు కలిసి గడ్డలు. ఆమె గొంతు పెంచలేదు.

"ఇది రాతిదుమ్ము. చాలా ఏళ్లది."

"కడిగితే పోదామ్మా?" అన్నాడు ఓబులేసు.

"పోదు."

"మందు?"

"దగ్గుకు, ఆయాసానికి ఇస్తాను. టీబీ చేరిందేమో పరీక్ష చేయిస్తాను. దుమ్మును తీసే మందు మాత్రం లేదు. ఇంక ఒక్కరోజు కూడా ఆ పొడిలోకి పోకూడదు. పోతే ఇవి పెరుగుతాయి. పోకపోయినా కొన్ని పెరుగుతాయి."

ఓబులేసు ఆ ఫిల్ము దగ్గరికి వెళ్లి, రాయిని చూసినట్టు చూశాడు. పగులు ఎటు పోతోందో వెతికే చూపు. తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వు తాగే పని తప్పిందిలే సార్," అన్నాడు. నవ్వబోతే దగ్గు వచ్చింది.

వరండాలో నాగలక్ష్మి సుంకిరెడ్డి ముందు నిలబడింది. "రెడ్డెన్నా, మూర్తం ఎనక్కి జరుపు. నీళ్ల మెషిన్‌తో వేరే ఎవురైనా నిదానంగా చేస్తారు. ఈయన్ను వదిలెయ్."

సుంకిరెడ్డి సీసా ఉన్న సంచిని వీపు వెనక్కి జరుపుకున్నాడు. మంచి మనిషి, వారం వారం అంత దూరం సీసాలు మోసిన మనిషి. "ఊరంతా కార్డులు పంచినాము లక్షుమ్మా. పదిమందిలో నా మాట పోతాది. ఒక్క మొగమే కదా మిగిలింది? మాస్కు మంచిది కొనిస్తా."

మాస్టారు మెట్ల వైపు తిరిగి చెప్పులు వెతుక్కున్నారు. ఆ వెతుకులాటను నేను క్షమించలేను. ఆయనా ఆశించడం లేదు.

"నేనే చేస్తాలే," అన్నాడు ఓబులేసు. "మొగం ఇంకొకడు చెక్కితే బొమ్మ చెడిపోతాది. ఒక్క మొగం."

నేను అరిచాను. సుంకిరెడ్డిని, మాస్టారిని, ముహూర్తం పెట్టిన అయ్యవారిని, అందరినీ తిట్టాను. ఆసుపత్రి వరండాలో రోగులు నన్ను జాలిగా చూశారు. ఆ మధ్యాహ్నం బస్సుకే ఓబులేసు ఆళ్లగడ్డ వెళ్లిపోయాడు. నేను రైలెక్కాను.

తెనాలి

ఇంటికి చేరిన కొన్ని వారాలకు నాగలక్ష్మి ఫోన్ చేసింది. విగ్రహం అనుకున్న గడియకే గుడికి చేరిందట. ముఖం చాలా బాగా వచ్చిందని అందరూ మెచ్చుకున్నారట. ప్రతిష్ఠకు ఓబులేసు వెళ్లలేదు. మంచం మీద నుంచి వాకిలి దాకా కూడా నడవలేకపోతున్నాడు. పక్కన ఆక్సిజన్ సిలిండరు పెట్టారు. మాట్లాడితే ఊపిరి అయిపోతుందని సైగలు చేస్తున్నాడు.

"మెషిన్ ఎవరు నడుపుతున్నారు?" అని అడిగాను.

"మా తమ్ముడు," అంది. "పొడి బిళ్లతోనే. ఇంకో గుడోళ్లు వచ్చినారు. వాళ్లదీ మూర్తం దగ్గరే."

ఆ సాయంత్రమే సుంకిరెడ్డి కూడా ఫోన్ చేశాడు. ఏల్ చేయడం మానేశానన్నాడు. మేడ మీదికి పోవడం లేదన్నాడు. "నేనేం చేయల్ల సార్ ఇప్పుడు?" అన్నాడు. మానాల్సింది ఏల్ కాదని చెప్పాను. ఇంకో గుడోళ్ల దగ్గరికి ఈ రాత్రే వెళ్లి తేదీ మార్పించమన్నాను. వాళ్లు తనకు తెలిసినవాళ్లే అన్నాడు. వెళ్తాను అనలేదు, వెళ్లను అనలేదు.

సుంకిరెడ్డితో చెప్పిందే మీతోనూ చెబుతున్నాను. మీ ఊళ్లో గుడికో, చర్చి వాకిట్లో స్తంభానికో, చనిపోయిన నాయకుడికో రాతిబొమ్మ చేయించాలని ఎవరో ఒకరు చందాలు పోగుచేస్తూనే ఉంటారు. మీ దగ్గరికీ వస్తారు. వచ్చినప్పుడు ఆ పనివాళ్ల కొట్టానికి స్వయంగా వెళ్లండి. బిళ్ల మీద నీళ్లు పడుతున్నాయో లేదో కళ్లతో చూడండి. పడకపోతే చందా ఇవ్వకండి, ఇవ్వనివ్వకండి. నీళ్ల మెషిన్ ఖర్చు, ఆలస్యమయ్యే కాలం మీ కమిటీయే భరించాలని పట్టుబట్టండి. బొమ్మ పూర్తయ్యాకే ముహూర్తం పెట్టించండి. ఇప్పటికే పెట్టేసి ఉంటే ఈ పేజీ పక్కన పెట్టి, లేచి, ఇవాళే వెళ్లి దాన్ని రద్దు చేయించండి.